నొప్పి తెలిసే గ్లౌజు

విశాఖపట్నంలో రుషికొండ వెళ్లే దారిలో ఉన్న "నాలుగు పాదాలు" క్లినిక్కులో, లోపలికి అడుగు పెట్టగానే కనిపించే గోడ మీద బొద్దు అక్షరాలతో ఒక నియమం రాసి ఉండేది: "ముద్ద తింటే నొప్పి లేనట్టే." రాయించింది డాక్టర్ సువర్చల. నడుం పడిపోయిన కుక్కలకీ, కాళ్లు విరిగి కుంటుతున్న పిల్లులకీ మళ్లీ నడక నేర్పడం ఆమె వృత్తి. నీటి తొట్టెలో ట్రెడ్‌మిల్ మీద నడిపించడం, సన్నటి సూదులు గుచ్చడం, లేజరు పట్టడం, నువ్వుల నూనెతో మర్దన చేయడం, అన్నీ అక్కడ ఉన్నాయి. పన్నెండేళ్లుగా అన్నింటికీ పద్ధతి ఒక్కటే. ఉడకబెట్టిన కార్జం ముద్ద ఒకటి మూతి దగ్గర పెడతారు. తింటే వైద్యం సాగుతుంది, మొహం తిప్పుకుంటే కాసేపు ఆగి మళ్లీ మొదలవుతుంది, గిన్నెలో ముద్దలు అయిపోయాకే ఆ పూటకి వదిలేస్తారు. నొప్పితో ఉన్న జీవి తిండి ముట్టదని సువర్చల గట్టి నమ్మకం. ఆ మాటే సభల్లో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకుంది.

గ్లౌజు వచ్చింది ఒక సోమవారం పొద్దున. తెచ్చింది రజియా. సువర్చల భర్త ఇంద్రకాంత్ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరుగా ఉన్నప్పుడు అతని ప్రయోగశాలలో పనిచేసిన అమ్మాయి. ఇంద్రకాంత్ మెదడులో నరం చిట్లి మంచాన పడి పద్నాలుగు నెలలైంది. కళ్లు తెరుస్తాడు, నోట్లో పెట్టింది మింగుతాడు, అంతే. మాట లేదు, సైగ లేదు, మనిషిని పోల్చుకున్నాడో లేదో తెలియదు. అతను సగంలో వదిలేసిన పనిని రజియా పట్టుబట్టి పూర్తి చేసుకొచ్చింది.

"సార్ ఎప్పుడూ అనేవారు కదా మేడం, నొప్పి కూడా కరెంటు లాంటిదేనని," అంది రజియా, బూడిదరంగు గ్లౌజు సువర్చల కుడిచేతికి తొడుగుతూ. అరచేతిలో వెంట్రుకల్లాంటి రాగి తీగలు అల్లి ఉన్నాయి. వాటినుంచి ఒక వైరు భుజం మీదుగా వెళ్లి మెడ వెనక అంటించే బిళ్లకి కలిసింది. "మీరు కుక్క ఒంటిమీద చెయ్యి వెయ్యండి. దానికి ఎక్కడ నొప్పి ఉంటే మీకూ అక్కడే తెలుస్తుంది. దాని తుంటి అయితే మీ తుంటి, దాని మోకాలైతే మీ మోకాలు."

"ఎంత తెలుస్తుంది?"

"ఎంతుంటే అంత."

ఆ పూట మొదటి పేషెంటు బాదం. పొట్టికాళ్లు, పొడుగు నడుం, గోధుమరంగు డాషండ్. హార్బరులో క్రేను నడిపి రిటైరైన గౌరీపతిరావు పెంచుకున్నాడు. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయనా, ఆ కుక్కా. మూడేళ్ల క్రితం వెన్నుపూస జారి బాదం వెనక కాళ్లు చచ్చుబడితే సువర్చల చేతుల్లో పెట్టాడు. అప్పట్నుంచీ ప్రతి సోమవారం, ప్రతి గురువారం వస్తూనే ఉన్నాడు. బాదం ఇప్పుడు తూలుతూనైనా నడుస్తుంది. క్లినిక్కు ముందు బోర్డు మీద ఉన్న ఫొటో దానిదే.

తొట్టె చూసుకునే నూకాలు గోరువెచ్చటి నీళ్లు వదిలింది. నీళ్లు బాదం పొట్టదాకా రాగానే బెల్టు కదిలింది. చీలమండ లోతు నీళ్లలో దాని వెనక నిలబడి, సువర్చల తడవని వీపు మీద గ్లౌజు చెయ్యి ఆనించింది. ఆనించిందో లేదో కెవ్వుమని అరిచి, నడుం విరిగినదానిలా నీళ్లలో చతికిలబడింది.

నూకాలు పరుగున వెళ్లి స్విచ్చి కట్టేసింది. "ఏటయినాది డాట్రమ్మా? కరెంటు కొట్టీసినాదేటి?"

సువర్చలకి ఊపిరి అందలేదు. తన నడుం కింది భాగాన్ని ఎవరో రెండు చేతులతో మెలిపెట్టి పిండినట్టుంది. బాదం వేసిన అడుగు అడుగుకీ ఆ మెలి ఇంకో చుట్టు తిరిగింది. "ముద్ద తిందా?" అంది.

"తినీసినాదమ్మా. మూతి కూడా నాకేసుకున్నాది. ఇంకోటెయ్యమని సూత్తన్నాది."

నిజమే. బాదం నీళ్లు కారుతున్న మూతి పైకెత్తి నూకాలు చేతికేసి ఆశగా చూస్తోంది. తోక కూడా ఊపుతోంది. సువర్చల ఆ తోకని చూసి ఏడవలేక, కూర్చున్న చోటే కూర్చుండిపోయింది.

"మరెందుకు తింటోందే?" అంది చివరికి, నూకాలుని అడిగిందో తనని తాను అడుక్కుందో.

నూకాలు కార్జం గిన్నె పక్కన పెట్టి చెప్పింది. "ఆకరి ముద్ద తినీసినాక బేగి దించేత్తాం కదమ్మా. దానికి తెల్దేటి? తినేత్తే ఒగ్గేత్తారని తింతన్నాది."

"నీకు ముందే తెలుసా?"

"అనుమానం నేకేటమ్మా? మీరు గోడ మీద రాయించీసినారు. నానేటి సెప్పగల్ను?"

గౌరీపతిరావు అద్దం తలుపు అవతల నుంచి అంతా విన్నాడు. లోపలికొచ్చి, గ్లౌజు తనకి తొడగమన్నాడు. సువర్చల వద్దంది. రజియా వద్దంది. ఆయన వింటేనా? డెబ్బై ఏళ్ల మనిషి చెయ్యి చాపి అలా నిలబడిపోతే ఏం చేస్తారు? తొడిగారు. బాదంని ఒళ్లో పెట్టుకుని, దాని నడుం మీద చెయ్యి వేసి, పళ్లు బిగబట్టి నిమిషంసేపు అలాగే ఉన్నాడు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"ఇదాండీ?" అన్నాడు. "మూడేళ్లపాటు వారానికి రెండుసార్లు కారెక్కించి నేను తెచ్చింది దీనికా? కారు తాళాలు చప్పుడైతే మంచం కిందకి పోయేది. బద్ధకం అనుకున్నానమ్మా, తిట్టేవాణ్ని."

"మందులు మారుద్దాం, నీళ్లలో నడిపించడం ఆపేద్దాం. నొప్పి తగ్గించవచ్చు," అంది సువర్చల.

మార్చింది కూడా. నొప్పి కొంత తగ్గింది కానీ పోలేదు. నడిస్తే మెలి, పడుకుంటే మంట. గురువారం గౌరీపతిరావు మళ్లీ వచ్చాడు. ఈసారి నడిపించమని కాదు, చివరి ఇంజక్షను ఇమ్మని. ఇచ్చేటప్పుడు గ్లౌజు ఆయనే తొడుక్కుంటానన్నాడు. మందు ఎక్కుతుంటే ఆయన మొహం కొద్దికొద్దిగా వదులైంది. "తగ్గుతోంది," అన్నాడు. "ఇంకా తగ్గుతోంది. ఆ… ఇప్పుడు లేదు." ఆ తర్వాత బాదంని తువ్వాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమంతా సువర్చల తన దగ్గరికి వచ్చే ప్రతి జంతువు మీదా గ్లౌజు పెట్టి చూసింది. సూదులు గుచ్చుతుంటే కళ్లు మూసుకుని గుర్రుగుర్రుమనే పకోడీ అనే పిల్లి ఉండేది. హాయిగా ఉందనుకుని దాని వీడియోలు కూడా తీసి పెట్టారు. గ్లౌజు పెడితే వీపంతా నిప్పులు. పదింటిలో ఆరింటి సంగతి ఇంతే. మిగిలిన నాలుగింటికి వైద్యం నిజంగానే సుఖంగా ఉంది, అది కూడా చెప్పుకోవాలి. ఆరింటిలోనూ కొన్నింటికి కాలు వంచే తీరు మారిస్తేనో, నూనె మాత్రం రాస్తేనో నొప్పి దిగింది. గ్లౌజు చేసిన మేలు తక్కువేం కాదు. కానీ రోజు ముగిసేసరికి సువర్చల ఒంట్లో ప్రతి చోటా ఎవరిదో ఒకరి నొప్పి మిగిలిపోయేది. కుంటుకుంటూ కారెక్కేది. శనివారం గోడ మీద రాతకి నూకాలు చేతే సున్నం కొట్టించింది.

సున్నం బకెట్టు కింద పెట్టి నూకాలు అడిగింది. "డాట్రమ్మా, ఓ మాటంటే కోప్పడరు కదా?"

"చెప్పవే."

"ఇంటికాడ బాబుగారికి కూడా ముద్ద సూసే కదా సేత్తన్నారు?"

సోమవారం నుంచీ సువర్చల ఆలోచిస్తున్నది అదొక్కటే. ఆలోచిస్తూనే గ్లౌజుని రోజూ క్లినిక్కు బీరువాలో పెట్టి తాళం వేసి, చేతులూపుకుంటూ ఇంటికి వెళుతోంది. భయం. ఇంకేముంది?

ఇంద్రకాంత్‌కి మొదటి రెండు నెలలూ ఆసుపత్రి నుంచి ఒక ఫిజియోథెరపిస్టు వచ్చేవాడు. అతను భుజం దగ్గర జాగ్రత్త, చెయ్యి పట్టి లాగొద్దు, ఎక్కువ ఎత్తొద్దు అంటూ ప్రతిదానికీ అడ్డుపడేవాడు. సువర్చలకి చిరాకేసింది. కుక్కలకి చేసేదాన్ని, మొగుడికి చేసుకోలేనా అని అతన్ని మాన్పించేసింది. తను క్లినిక్కుకి వెళ్లే వేళల్లో పని అత్తగారికి నేర్పింది. రోజుకి నాలుగుసార్లు, కుడిచెయ్యి చెవిదాకా ఎత్తి దించాలి, ఇరవయ్యేసి సార్లు. మధ్యమధ్య మెత్తగా కలిపిన పప్పన్నం ముద్ద నోటికి అందించాలి. "తింటున్నంతసేపూ నొప్పి లేనట్టే అత్తయ్యా, భయపడకుండా చెయ్యండి," అని చెప్పింది.

కామేశ్వరమ్మగారు భయపడలేదు. డెబ్బై రెండేళ్ల వయసులో, కొడుకు లేచి నడుస్తాడన్న ఒక్క ఆశ మీద ఆవిడ బతుకుతోంది. ఒక్క పూట కూడా మానలేదు.

ఆదివారం పొద్దున్న సువర్చల గ్లౌజు ఇంటికి తెచ్చింది. కామేశ్వరమ్మగారు అప్పటికే మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని మొదలుపెట్టేశారు. "ఒకటి… రెండు… మా నాన్నే, మా బంగారమే… మూడు… ఆఁ అను." ఇంద్రకాంత్ నోరు తెరిచాడు. ముద్ద మింగాడు. కళ్లు ఎప్పటిలాగే ఫ్యానుకేసి ఉన్నాయి.

సువర్చల గ్లౌజు తొడుక్కుని అతని ఛాతీ మీద చెయ్యి వేసింది.

నాలుగోసారి చెయ్యి పైకి లేచేసరికి ఆమె కుడి భుజంలో ఎముకని ఎముక కోసినట్టయింది. అరవకూడదనుకుంది. పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. అయిదు. ఆరు. ప్రతి అంకెకీ కళ్లు బైర్లు కమ్మాయి. ఏడు అనేలోగా అత్తగారి చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఏమైందే? వాడు తింటున్నాడుగా," అన్నారు కామేశ్వరమ్మగారు.

"ఆపేస్తారని తింటున్నారు అత్తయ్యా," అని సువర్చల నేల మీద కూలబడి భోరుమంది. "భుజం కీలు జారిపోయింది. ఎన్ని నెలల నుంచి జారిందో! నేనే చెయ్యమన్నాను. నేనే!"

ఆవిడకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు. నడిచే అదృష్టం నా కొడుక్కి దక్కకుండా చేస్తావా అని కోప్పడింది. చెప్పి ఒప్పించే ఓపిక లేక, సువర్చల గ్లౌజు విప్పి అత్తగారి చేతికి తొడిగి, మెడ వెనక బిళ్ల అంటించి, ఆ చేతిని కొడుకు గుండె మీద పెట్టింది. చెయ్యి ఎత్తడం ఆపినా భుజం ఇంకా సలుపుతూనే ఉంది. అది చాలు.

కామేశ్వరమ్మగారు ఒక్కసారి ఉలిక్కిపడి తన కుడి భుజం చూసుకున్నారు. తర్వాత కొడుకు భుజం చూశారు. ఆవిడ ఏడుస్తుందనీ, తలబాదుకుంటుందనీ సువర్చల అనుకుంది. ఆవిడ మొహంలో వచ్చింది వేరు.

"వీడే," అంది ఆవిడ నెమ్మదిగా. "సువర్చలా, వీడేనే! లోపలే ఉన్నాడు. ఇన్నాళ్లకి పలికాడే నా తండ్రి!"

సోమవారం ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీసి, జారిన మాట నిజమేనన్నాడు. భుజంలోకి ఇంజక్షను ఇచ్చి, చేతిని మెడకి వేలాడేలా గుడ్డపట్టీ కట్టి, ఆరు గంటలకోసారి వేసే చుక్కల మందు రాశాడు. రెండు రోజుల్లో నొప్పి పూర్తిగా దిగిపోయింది. సువర్చల ఆ సాయంత్రం గ్లౌజు పెట్టి చూసి, అరగంటసేపు తీయలేదు. ఏమీ లేదు. తన భర్త ఒంట్లో ఎక్కడా ఏ బాధా లేదు. పద్నాలుగు నెలల్లో మొదటిసారి కంటినిండా నిద్రపోయింది.

కామేశ్వరమ్మగారు మాత్రం నీరసించిపోయారు. కోడలు లేచేసరికే గ్లౌజు తొడుక్కుని కొడుకు పక్కన కూర్చుని ఉండేవారు. కాసేపు ఛాతీ మీద, కాసేపు నుదుటి మీద, కాసేపు పాదాల మీద చెయ్యి వేసి చూసేవారు.

"ఏమీ తెలియట్లేదే," అనేవారు.

"తెలియకపోవడమే మంచిది అత్తయ్యా. నొప్పి లేదన్నమాట."

"నొప్పి లేదు సరే. వాడేడీ?"

సువర్చల రజియాకి ఫోను చేసింది. నొప్పి తెలిసినట్టే వేరేవి తెలియవా అని అడిగింది. హాయి, కోపం, కనీసం ఆకలి? "సార్ నోట్సులో నొప్పి వరకే ఉంది మేడం. మిగతావి తర్వాత చూద్దామన్నారు. నాకు చేతకావడం లేదు," అంది రజియా. ఆ పిల్ల గొంతులో దుఃఖం తెలుస్తూనే ఉంది. సువర్చల సరేనని పెట్టేసింది. గ్లౌజు క్లినిక్కుకి పట్టుకుపోతానంటే కామేశ్వరమ్మగారు ఇవ్వలేదు. నాలుగు రోజులుండనీ అని బతిమాలారు. పోనీలే, పెద్దావిడ, అనుకుంది సువర్చల.

తర్వాతి వారం బుధవారం మధ్యాహ్నం రావలసిన పిల్లి రాకపోవడంతో సువర్చల మూడింటికే ఇంటికి వచ్చేసింది. తలుపు తీస్తుండగానే లోపల్నుంచి అత్తగారి గొంతు వినబడింది. ఎంత హుషారుగా ఉందో! ఇంద్రకాంత్ చిన్నప్పుడు భీమిలి బీచిలో తప్పిపోయిన సంగతి చెబుతున్నారు. "…నువ్వు ఆ ఐస్‌క్రీం బండి పక్కన దర్జాగా నిలబడి ఉన్నావు! గుర్తుందా? ఆఁ, గుర్తుంది, నాకు తెలుసు. ఇదిగో, మళ్లీ పలుకుతున్నావు."

గది గుమ్మంలో సువర్చల కాళ్లు ఆగిపోయాయి. గుడ్డపట్టీ విప్పేసి మంచం మీద పడి ఉంది. కామేశ్వరమ్మగారి గ్లౌజు చెయ్యి కొడుకు గుండె మీద ఉంది. రెండో చేత్తో జారిన భుజాన్ని పట్టుకుని నొక్కుతున్నారు. ఆవిడ కుడి భుజం గిలగిల్లాడుతోంది. నొసలంతా చెమట. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పెదాల మీద నవ్వు. మంచం పక్కన చుక్కల మందు సీసా మధ్యాహ్నం మోతాదు పోయకుండా అలాగే ఉంది.

"అత్తయ్యా!"

ఆవిడ చెయ్యి తీయలేదు. సువర్చల వెళ్లి బలవంతాన లాగింది. గ్లౌజు ఊడబెరికింది. "మీకేమైనా పిచ్చా? మీరు మనిషేనా? కన్నకొడుకుని ఇలా హింస పెడతారా?"

"వాడొక్కడే పడుతున్నాడా? నేనూ పడుతున్నాను కదే!" అని అరిచింది ఆవిడ. "సమానంగా పడుతున్నాను! నువ్వు మందు పోస్తే వాడు పోతాడు. నాకు మళ్లీ ఫ్యానుకేసి చూసే బొమ్మ మిగులుతుంది. పద్నాలుగు నెలలు ఆ బొమ్మతో మాట్లాడానే తల్లీ. నావల్ల కాదు."

"ఇక మీరు ఆయన ఒంటిమీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. నడవండి బయటికి!"

ఎన్నడూ అత్తగారిని ఎదురుమాట అనని మనిషి ఆ మాట అనేసింది. కామేశ్వరమ్మగారు గోడ పట్టుకుని లేచి, ముందు గదిలోకి వెళ్లి సోఫాలో ముడుచుకున్నారు. వెక్కిళ్లు లోపలికి వినబడుతూనే ఉన్నాయి.

సువర్చల మందు లెక్కపెట్టి పోసింది. భుజాన్ని మెల్లగా సర్దింది. పట్టీ కట్టింది. నొప్పి ఎప్పుడు దిగుతుందో చూడాలి కదా అని గ్లౌజు తొడుక్కుంది. చూడాల్సిందే, వైద్యం తెలిసినదాని బాధ్యత అది. అతని ఛాతీ మీద చెయ్యి పెట్టింది. భుజం భగభగమంది. పళ్లు బిగించి ఓర్చుకుంది.

ఓర్చుకుంటూ ఊరుకోలేక మాట్లాడింది. "క్షమించండి. అత్తయ్యని కాదు, నన్ను. ఎత్తమంది నేను." ఇంకా చెప్పింది. బాదం సంగతి చెప్పింది. మీ గ్లౌజు పనిచేసిందండీ, నేను నీళ్లలో పడిపోయాను, నూకాలు కరెంటు కొట్టిందనుకుంది అని చెప్పి, ఏడుస్తూనే కొంచెం నవ్వింది. నవ్వినప్పుడు ఆ నొప్పి ఒక్క లిప్త తడబడింది. తగ్గడం కాదు, పెరగడం కాదు. మాట వింటున్న మనిషి ఊపిరి పట్టినట్టు ఆగి మళ్లీ సాగింది. సువర్చల ఒళ్లు ఝల్లుమంది. మళ్లీ నవ్వి చూసింది. మళ్లీ తడబడింది.

"ఏమండీ!" అంది. "వింటున్నారు కదూ! వింటున్నారు!"

గబగబా చెప్పడం మొదలుపెట్టింది. ఎన్ని చెప్పాలి! రజియా ఎంత కష్టపడిందో, కాలేజీలో అతని గది ఎవరికీ ఇవ్వకుండా ఎలా కాపాడుకుంటోందో, నరం చిట్లిన రోజు పొద్దున్న అతను తలనొప్పిగా ఉందంటే తను పట్టించుకోకుండా క్లినిక్కుకి ఎందుకు వెళ్లిపోయిందో. ఆ చివరిది పద్నాలుగు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. చెబుతుండగానే మందు ఎక్కసాగింది. భుజంలో మంట సలుపైంది. సలుపు బరువైంది. బరువు పలచబడింది.

"ఉండండి, ఒక్క నిమిషం, అయిపోవచ్చింది," అంది సువర్చల.

పోయింది. ఆమె భుజం మామూలు భుజమైపోయింది. అరచెయ్యి కింద అతని గుండె కొట్టుకుంటోంది. కళ్లు ఫ్యానుకేసి ఉన్నాయి.

"ఏమండీ."

ఏమీ లేదు.

"ఏమండీ, నేను వెళ్లకుండా ఉండాల్సింది కదా? కోపంగా ఉందా?" నవ్వి చూసింది. గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ముందు గదిలోకి వినబడి, అక్కడి వెక్కిళ్లు ఆగిపోయాయి.

సువర్చల లేచి వెళ్లి గది తలుపు గడియ పెట్టింది. తిరిగొచ్చి మంచం అంచున కూర్చుంది. గ్లౌజు చెయ్యి మళ్లీ అతని ఛాతీ మీద పెట్టింది. తర్వాత ఆమె ఎడమచెయ్యి గుడ్డపట్టీ ముడి విప్పింది. కుక్కల కీళ్లలో ఎక్కడ నొక్కితే ఎంత నొప్పి పుడుతుందో ఈ మధ్యే బాగా నేర్చుకున్న చెయ్యి అది. అత్తగారిలా తడుముకోలేదు. బొటనవేలు సరిగ్గా కీలు సందున ఆగింది.

"ఉన్నారా?" అని అడిగి, నొక్కింది.

ఆమె భుజం భగ్గుమంది.

"ఉన్నారు," అంది సువర్చల. వేలు తీయలేదు.